గొంతుకు గాలి తగలకుండా ధర్మవరం దాకా

పోయిన ఆషాఢంలో ధర్మవరం నుంచి గంగమ్మ ఫోన్ చేసింది. ఆమె భర్త శంకరప్ప పట్టుచీరలు నేసేవాడు. నేను హిందూపురం చింతపండు మార్కెట్లో వేలంపాట పాడేవాణ్ణి. ఇద్దరికీ ఒకే ఆస్పత్రిలో, పక్కపక్క మంచాల మీద, గొంతు క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మేము మెడ కింద పెట్టిన రంధ్రంతో ఊపిరి పీలుస్తాం. పెదవులు కదిలిస్తే అలవాటైనవాళ్లు మా మాట పోల్చుకుంటారు. అందుకే ఫోన్ నా భార్య పద్మ ఎత్తింది. "రోగం మళ్లా తిరగబెట్టిండాది వదినా. ఆస్పత్రికి రానంటాండాడు. సంగటి కూడా ముట్టల్యా. అన్నను ఒకసారి రమ్మను, అన్న చెప్తే ఇంటాడేమో" అని ఏడ్చింది గంగమ్మ.

హిందూపురం నుంచి ధర్మవరానికి బస్సులూ రైళ్లూ ఉన్నాయి. కానీ మాకు దగ్గొస్తే కఫం మెడలోంచి వస్తుంది. ఒకసారి బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ బిడ్డను ఎత్తుకుని లేచి దూరంగా వెళ్లి నిలబడింది. ఆ తర్వాత నేను బస్సెక్కలేదు. మెడకు తడిగుడ్డ కట్టుకుని ఒక్కడినే బండి మీద బయల్దేరాను. సోమందేపల్లి దాటేసరికే గుడ్డ ఎండిపోయింది. పెనుకొండ దగ్గర ఒక లారీ లేపిన దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోయింది. బండి పక్కన ఆపి, మోకాళ్ల మీద కూలబడి దగ్గాను. గుడ్డకు రక్తం అంటింది. హెల్మెట్ తలను కాపాడుతుంది గానీ మెడను కాపాడదు. అక్కడి నుంచే వెనక్కి తిరిగాను.

బండి ముందు గాలికి అడ్డంగా అద్దం ఉంటే తప్ప పోలేనని తేలిపోయింది. అంగళ్లలో దొరికేవి పెద్ద బండ్లకు తప్ప మా పాత బండికి సరిపోవు. బోర్డులు చేసే అంగడిలో నాలుగు మిల్లీమీటర్ల మందం, గాజులా కనిపించే అక్రిలిక్ షీటు అట్టముక్కతో తీసిన కొలతకు కోయించుకుని, దాన్ని వంచడానికి వేడిగాలి కొట్టే మిషన్ అడిగి తెచ్చుకున్నాను. ఇక్కడే చిక్కు వచ్చింది. మాకు ముక్కులోంచి గాలి పోదు కాబట్టి వాసన తెలియదు. షీటు మాడుతున్నా నాకు తెలియదు, ఆ పొగ మాత్రం సూటిగా రంధ్రంలోకి పోతుంది.

"నువ్వు ఆ గోడ కాడికి పో. మిషన్ నేను పట్టుకుంటా" అంది పద్మ.

పెరట్లో ఇనుప డ్రమ్మును పడుకోబెట్టి, దాని మీద పాత దుప్పటి పరిచాం. షీటుకు అంటించిన కాగితం ఒలిచేసి పైన పెట్టాం. పద్మ వేడి కొడుతుంటే నేను గోడ దగ్గరి నుంచి చేతులు ఊపుతూ, ఆమె చూడకపోతే చప్పట్లు కొడుతూ చెప్పాను. మొదటి షీటుకు ఒకేచోట ఎక్కువ వేడి తగిలి బుడగలు లేచాయి. రెండోది బాగా వంగింది కానీ, బోల్టు రంధ్రం వేసేటప్పుడు నేను డ్రిల్లును గట్టిగా నొక్కడంతో అడ్డంగా పగిలింది. పద్మ కొంగుతో ముఖం తుడుచుకుని, లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. మళ్లీ గంగమ్మ ఫోన్ చేస్తే వచ్చింది. "నీళ్లు కూడా వద్దంటాండాడంట. ఇంకో షీటు తెచ్చుకోని రాపో" అంది.

మూడోసారి మిషన్‌ను జానెడు దూరంలో ఉంచి, ఎక్కడా ఆపకుండా తిప్పింది. షీటు మెత్తబడి తనంతట తానే డ్రమ్ము మీదికి వాలింది. పద్మ మందపాటి గోనెపట్ట చుట్టుకున్న చేతులతో దాన్ని అదిమి, చల్లారేదాకా కదలనివ్వలేదు. రంధ్రాలు బోల్టు కంటే కొంచెం పెద్దవిగా, నిదానంగా వేశాను. సైకిల్ ట్యూబు ముక్కలు రెండు వైపులా పెట్టి, వెనక చూసుకునే అద్దాల కాడలకు బిగించాను. పైఅంచు కళ్ల కంటే కిందికి, గడ్డం కంటే పైకి వచ్చింది. మూడు షీట్లకూ కలిపి రెండు వేలు దాటింది.

మరునాడు తెల్లవారి ఆరింటికి పద్మను వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ఎదురుగాలి అద్దానికి కొట్టుకుని తల మీదుగా పోయింది. మెడ దగ్గర గుడ్డ కదల్లేదు. పెనుకొండలో టిఫిన్‌కు ఆగితే హోటల్ ఆయన నా మెడ వైపు చూసి, "ఏమప్పా, గొంతుకేమైంది?" అన్నాడు. పద్మ చెప్పింది. ఆయన ఇంకేమీ అడగకుండా ఇడ్లీలు సాంబార్లో మెత్తగా నానబెట్టి తెచ్చి పెట్టాడు. అక్కడి నుంచి హైవే మీద ఉత్తరంగా వెళ్లి, చెన్నేకొత్తపల్లి దగ్గర ధర్మవరం రోడ్డుకు మళ్లాం. మొత్తం ఎనభై కిలోమీటర్ల లోపే. పోనూ రానూ పెట్రోలుకు నాలుగు వందలు చాలు.

శంకరప్ప ఇంట్లో దుమ్ము రాకుండా తలుపులన్నీ మూసి ఉన్నాయి. మగ్గం మీద దుప్పటి కప్పారు. అతను నన్ను చూసి పెదవులు కదిలించాడు. "ఆస్పత్రికి పొమ్మని చెప్పేకి వచ్చినావా?"

తల ఊపాను.

"నీకు కోసినాక ఏం మిగిలిందో నాకూ అదే మిగిలింది. ఇంగ ఏం కోస్తారు?"

నేను అతని మంచం పక్కన కూర్చున్నాను. గంగమ్మ నా పెదవుల వైపే చూస్తోంది. ఎట్లా వచ్చావని అతనే అడిగాడు. పద్మ కిటికీ కొంచెం తెరిచి బండిని చూపించింది. శంకరప్ప మోచేతుల మీద లేచి, "నేను ఎక్కుతా" అన్నాడు.

"ఈ గాలిలో యాడికి పోతావు? పడిపోతావు!" అని గంగమ్మ అడ్డం నిలబడింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చివరికి ఆమే పక్కకు తప్పుకుంది.

అతన్ని ముందు కూర్చోబెట్టి, వెనక నుంచి నేను హ్యాండిల్ పట్టుకున్నాను. ఒళ్లంతా ఎముకలే. ఇరువైపులా గంగమ్మ, పద్మ నడిచారు. ఆ వీధిలో కాగితాలు ఎగిరేంత గాలి. శంకరప్ప ఒక చేత్తో మెడ తడుముకున్నాడు, తర్వాత గుడ్డ పక్కకు జరిపి అద్దం వెనక గట్టిగా ఊపిరి పీల్చాడు. వీధి చివర బండి తిప్పేటప్పుడు అతని భుజాలు కదలడం తెలిసింది. మా ఏడుపుకు శబ్దం ఉండదు.

నెల తిరక్కముందే అతను పోయాడు. అదే దారిలో మళ్లీ వెళ్లాం. గంగమ్మ నన్ను చూసి, "నువ్వు వచ్చిన పొద్దు మాపటికి అడిగి సంగటి పెట్టించుకున్యాడన్నా. మళ్లా తినల్యా" అంది.

నేను వెళ్లిన పని కాలేదు. అతను ఆస్పత్రికి పోలేదు, పొమ్మని గట్టిగా చెప్పడం నావల్ల కాలేదు. చెప్పి ఉండాల్సిందా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేను. ఈ అద్దం గాలిని మాత్రమే ఆపుతుంది. దానివల్ల ఒక స్నేహితుణ్ణి బతికుండగా చూడగలిగాను, అంతకుమించి ఏమీ జరగలేదు. మీ ఇంట్లో మాలాంటి మనిషి ఉండి ఇలాంటిది చేసుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. దుమ్ము పట్టిందని పెట్రోలుతో గానీ థిన్నరుతో గానీ తుడవకండి. సన్నటి పగుళ్లు తేలి, ఒకరోజు దారి మధ్యలో విరుగుతుంది. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.