చుట్టుదారి మాస్టారు చేసిన తప్పు లెక్క

ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించేవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. మాస్టారి పద్ధతి అది కూడా కాదు. ఆయన ముందు ముక్కుని ఊడదీసి పొరుగూరు పంపిస్తారు. అక్కడ దాని బాగోగులన్నీ విచారిస్తారు. తరవాత జాగ్రత్తగా వెనక్కి తీసుకొచ్చి, ముఖానికి తగిలించి, "ఇదిగోనమ్మా ముక్కు" అంటారు. సూటిగా జవాబు చెప్పడమన్నది ఆయన ఒంట్లోనే లేదు. కాలేజీలో గుమాస్తా మొదలు ప్రిన్సిపాల్ దాకా అందరూ ఆయన్ని ఎదురుగా మాస్టారనీ, చాటుగా చుట్టుదారి మాస్టారనీ అనేవారు.

కొత్తగా చేరిన లెక్కల మేడంకి ఈ సంగతి మొదటిరోజే తెలిసొచ్చింది. స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి, కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన్ని చూసి, "ఇందులో నా కుర్చీ ఏదండీ?" అని అడిగింది.

"కూర్చోవడానికేనా?" అన్నారు మాస్టారు.

"ఔనండీ... కూర్చోవడానికే."

"అయితే ముందు నీకు కిటికీల సంగతి చెప్పాలి తల్లీ. ఈ గదికి కిటికీలు రెండు. అందులో ఒకటి తెరుచుకోదు. ఎందుకు తెరుచుకోదంటే, రంగులు వేసినవాడు ఒట్టి బద్ధకస్తుడు. వాడి మేనమామ మాత్రం అలా కాదు..."

మేనమామ దగ్గర్నుంచి వానాకాలానికీ, వానాకాలం నుంచి చెదలకీ వచ్చి, చెదలు పట్టిన కుర్చీ ఏదో తేలి, అది పోను మిగిలిన కుర్చీ ఏదో తేలేసరికి బెల్లు కొట్టేశారు. మేడం చాలాసేపు నిలబడే ఉంది. మధ్యలో ఓసారి విసుగొచ్చి దగ్గర్లో ఉన్నదాంట్లో కూలబడింది. అదే చెదల కుర్చీ. తరవాతి కథంతా నేలమీద కూర్చుని వినాల్సి వచ్చింది.

మేడం కత్తితో కోసినట్టు మాట్లాడే మనిషి. ఔనంటే ఔను, కాదంటే కాదు. అలాంటి మనిషికి మాస్టారి పక్క టేబుల్ ఇచ్చారు. టైమెంతయిందని అడిగితే గోడ గడియారం ఎప్పుడు కొన్నారో చెప్పేవారు. సుద్దముక్క ఉందా అని అడిగితే సుద్ద కొండల్లో దొరుకుతుందని మొదలుపెట్టేవారు. ఆవిడ పళ్ళు నూరుకుంటూ, తన సుద్దముక్కలు తనే తెచ్చుకోవడం నేర్చుకుంది.

మాస్టారి ఇల్లు కాలేజీ గేటుకి ఎదురుగానే. రోడ్డు దాటితే చాలు. ఆయన మాత్రం వీధి చివరిదాకా నడిచి, అక్కడ సిగ్నల్ దగ్గర దాటి, అవతలి పక్కనుంచి అంత దూరమూ వెనక్కి నడిచి వచ్చేవారు.

"ఎదురుగా పెట్టుకుని ఎందుకండీ ఈ తిప్పలు?" అని మేడం ఓసారి ఉండబట్టలేక అడిగింది.

"దారి పొడుగైతేనేం తల్లీ, పని పొట్టిది" అన్నారాయన. ఆ మాటకి అర్థమేమిటో చెప్పడానికి ఇంకో అరగంట తీసుకున్నారు. ఓ రోజు పొద్దున్న మేడం పంతం కొద్దీ ఆయన ఇంటి ముందునుంచి ఆయనతోపాటే బయల్దేరి, గేటుకి ఎదురుగా నిలబడింది. లారీలూ బస్సులూ ఆవిడకి సందిస్తే ఒట్టు. చివరికి ఎలాగో దాటేసరికి మాస్టారు గేటు లోపల నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

ఇంకోసారి ప్రిన్సిపాల్ గారు సభలో మాట్లాడబోతుంటే మాస్టారు ఆదరాబాదరా వెళ్ళి, "సార్, దర్జీల మీద మీ అభిప్రాయం ఏమిటి?" అన్నారు. "తర్వాత మాట్లాడదాం మాస్టారూ" అని ఆయన వేదికెక్కేశారు. మాస్టారూ ఎక్కేశారు. ప్రసంగం సాగినంతసేపూ ప్రిన్సిపాల్ గారి వెనక నీడలా అతుక్కుని, ఆయన ఎటు తిరిగితే అటు తిరిగారు. ఈయనకి పిచ్చి ముదిరిందని సభంతా నవ్వుకుంది. సభ అయ్యాక ప్రిన్సిపాల్ గారు తన గదిలో కూర్చోబోతూ ప్యాంటు వెనక చెయ్యి పెట్టుకుని చూసుకుంటే, కుట్టు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఊడిపోయి ఉంది.

ఎన్ని చెప్పినా, లెక్కల్లో లాప్లాస్ పద్ధతి పాఠం చెప్పడానికే ఆయన పుట్టారని మేడం కూడా ఒప్పుకునేది. గోడ అవతల్నుంచి ఆ గొంతు వినిపిస్తూ ఉండేది.

"డిఫరెన్షియల్ ఈక్వేషన్ అంటే ఏమిట్రా? మొండిఘటం. స్ప్రింగుకి ఓ బరువు వేలాడదీశారు. కిందికి లాగి వదిలారు. ఇక అది ఏ క్షణాన ఎక్కడుంటుందో చెప్పమంటుంది. దాంతో కుస్తీ పడితే మన నడుమే విరుగుతుంది. అందుకని మనం దాన్ని లాప్లాస్ బండెక్కించి, 'ఎస్' అనే ఊరు తీసుకెళ్తాం. ఆ ఊళ్ళో దాని పప్పులు ఉడకవు. ఇక్కడ అవకలనం అని మీసం మెలేసింది, అక్కడ ఒట్టి గుణకారం అయిపోతుంది. హెచ్చవేసి, భాగించి, జవాబు జేబులో వేసుకుని, తిరుగు బండిలో వచ్చెయ్యడమే. కానీ వెళ్ళేముందు మూట కట్టుకోవాలి. ఏమిటా మూట?"

"మొదటి విలువలు!" అని క్లాసంతా అరిచేది.

"అదీ! బరువు మొదట ఎక్కడుంది, ఎంత జోరు మీదుంది. ఈ రెండూ మర్చిపోయి బండెక్కారో, ఆ ఊళ్ళో మీ మొహం చూసేవాడుండడు."

ఆ ఊరికి వెళ్ళే దారిలోనే మేడం జారిపడింది.

రెండో సంవత్సరం పిల్లలకి అదే స్ప్రింగు లెక్క చెబుతోంది. బరువుని రెండంగుళాలు కిందికి లాగి వదిలారు. బెల్లు కొట్టే వేళయింది. కంగారులో ఆ రెండంగుళాల సంగతి రాయడం మర్చిపోయింది. సమీకరణం కుడిపక్కన సున్నా. సున్నాని దేంతో భాగించినా సున్నాయే కదా. ఆవిడ చెయ్యి జోరుగా సాగిపోయి, 'జవాబు: సున్నా' అని రాసి కింద రెండు గీతలు కూడా గీసేసింది.

వెనక బెంచీ పొడుగబ్బాయి వినయంగా లేచాడు. "మేడం, బరువుని లాగి వదిలేశాం కదండీ. మరి అదేమిటి, కదలకుండా బుద్ధిగా కూర్చుంది?"

క్లాసు గొల్లుమంది. మేడం బోర్డు వంక చూసింది. తప్పెక్కడ జరిగిందో ఆ క్షణాన కనిపిస్తే కదా! కళ్ళముందు ఆ సున్నా ఒక్కటే గుమ్మడికాయంత అయి కూర్చుంది. బెల్లు కొట్టారు.

మర్నాటికల్లా ఆవిడ పేరు సున్నా మేడం అయిపోయింది. బోర్డు మీద ఎవరో పెద్ద సున్నా చుట్టి దానికి బొట్టు కూడా పెట్టారు. అప్పట్నుంచి ఆవిడ ఓ లైను రాసి, తుడిచి, మళ్ళీ రాసేది. గొంతు మొదటి బెంచీ దాటేది కాదు. ఆ శుక్రవారం స్టాఫ్‌రూమ్‌లో కూలబడి, "మాస్టారూ, నావల్ల కాదండీ. ఈ క్లాసు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని ప్రిన్సిపాల్ గారిని అడుగుతాను. లైబ్రరీలో పడేసినా సరే, పడి ఉంటాను" అంది.



"మా క్లాసులో ఫ్యాను కిరకిరలాడుతోంది తల్లీ" అన్నారు మాస్టారు.

మేడంకి ఒళ్ళు మండిపోయింది. "నేనేం చెబుతున్నాను, మీరేం చెబుతున్నారండీ?"

"అదే చెబుతున్నా. ఫ్యాను బాగుచేసేవాడికి ఒంట్లో బాలేదు. వాడి బావమరిది వస్తానన్నాడుగానీ..."

బావమరిది వెళ్ళిన పెళ్ళి దాకా పోయి, తిరిగి తిరిగి తేలిందేమిటంటే, సోమవారం ఒక్కరోజు మాస్టారు తన పిల్లల్ని కూడా తోలుకొచ్చి మేడం క్లాసులోనే కలిపి చెబుతారట. ప్రిన్సిపాల్ దగ్గరికి ఆ తర్వాత వెళ్ళొచ్చట. నా ప్రాణం మీదికొస్తే ఈయనకి ఫ్యాను గోలా అనుకుంటూ మేడం సరేనంది.

సోమవారం రెండు క్లాసుల పిల్లలూ బెంచీకి ఆరుగురు చొప్పున ఇరుక్కున్నారు. మేడం వెనక కిటికీ దగ్గర ముడుచుకుని కూర్చుంది. మాస్టారు సరిగ్గా ఆ స్ప్రింగు లెక్కే ఎత్తుకున్నారు.  బోర్డు నిండా రాసుకుంటూ వెళ్తుంటే, ఒకచోట చెయ్యి ఆగింది. కాలిన పెనం తగిలినట్టు చటుక్కున వెనక్కి లాక్కున్నారు. తరవాత మళ్ళీ జోరు. గుణకారం, భాగారం, తిరుగు బండి. 'జవాబు: సున్నా.' కింద రెండు గీతలు.

పిల్లలు ఒకరి నోటుపుస్తకం ఒకరు తిరగేసి చూసుకున్నారు. మాస్టారు తప్పు చెయ్యడమా? సూర్యుడు పడమట పొడవడమే!  చివరికి ముందు బెంచీ అమ్మాయి బెదురుతూ, "మాస్టారూ, బరువు కదలడం లేదండీ" అంది.

"కదలకపోవడమేమిటమ్మా? పోయినేడాది దాకా బాగానే కదిలిందే!" ఆయన బోర్డు దగ్గరికెళ్ళి చూశారు, దూరంగా జరిగి చూశారు, కళ్ళద్దాలు తీసి చూశారు. "స్ప్రింగు తుప్పు పట్టి ఉంటుందా?"

పిల్లలు పగలబడి నవ్వారు.

పొడుగబ్బాయి ఇక ఆగలేకపోయాడు. "మూట మర్చిపోయారండీ! రెండంగుళాలు కిందికి లాగాం కదా, అది రాయలేదు."

"అరెరే! ఎంత పని జరిగింది! నువ్వయితే మర్చిపోవు కదూ?"

"ఛ, నేనెందుకు మర్చిపోతానండీ!"

"రా నాయనా, రా. ఈసారి కిందికి లాగడమే కాదు, వదిలేటప్పుడు పైకి ఓ తోపు కూడా తోశాం. చెయ్యి చూద్దాం."

అబ్బాయి కాలరెగరేసుకుంటూ వచ్చాడు. లాగినది రాశాడు. గర్వంగా క్లాసు వంక ఓ చూపు చూశాడు. తోసినది మర్చిపోయాడు. జవాబు రాసి వెనక్కి తిరిగేసరికి, "తోపేదిరా?" అని నలుమూలల్నుంచీ కేకలు. వాడు సుద్దముక్కతోనే తల గోక్కున్నాడు. ఆ తర్వాత ఇంకో నలుగురు వచ్చారు. ఒకడు మూట మర్చిపోయాడు, ఒకమ్మాయి ప్లస్సుకి మైనస్సు వేసింది. వచ్చినవాళ్ళందరూ నవ్వుతూనే వచ్చారు, నవ్వుతూనే జారిపడ్డారు. మాస్టారు ఎవరినీ ఏమీ అనలేదు. మేడం పేరే ఎత్తలేదు.

సాయంత్రానికి సున్నా అన్న పేరు మేడంని వదిలి మాస్టారికి అంటుకుంది. "సున్నా మాస్టారూ, నమస్కారమండీ" అని గేటు దగ్గర ఎవరో అంటే, ఆయన ఆగి, సున్నాని మొదట ఎవరు కనిపెట్టి ఉంటారో చెప్పడం మొదలుపెట్టారు.

మేడంకి ముందు హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు వెంటనే సిగ్గేసింది. ఆపైన దిగులేసింది. పాపం, పెద్దాయన. మతిమరుపు వచ్చేస్తున్నట్టుంది. ఓదార్చి వద్దామని నాలుగు అరటిపళ్ళు కొనుక్కుని రోడ్డు దాటింది. దాటడానికి పావుగంట పట్టింది.

మాస్టారి భార్య తలుపు తీసింది. ఆయన ఇంకా ఇల్లు చేరలేదు. ఆ సున్నా కథే సిగ్నల్ దగ్గర ఇంకా అవుతోంది కాబోలు.

"పిన్నిగారూ, మాస్టారి ఒంట్లో బాగానే ఉందా?" అంది మేడం మెల్లిగా.

"ఆయనకేం, గుండ్రాయిలా ఉన్నారు. నిన్న మాత్రం కాస్త భయమేసిందమ్మా. పొద్దున్నే కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. రాయడం, 'ఛ' అనుకోవడం, నలిపి పారెయ్యడం. లెక్క రావడం లేదా అని అడిగాను. 'వచ్చేస్తోందే! ఎలా రాసినా కరెక్టుగానే వచ్చేస్తోంది!' అని తల పట్టుకున్నారు."

మేడం చేతిలో అరటిపళ్ళు అలాగే ఉండిపోయాయి.

"ఆ ఒక్కచోటికి రాగానే ఈయన చెయ్యి ఆగదట. ఇన్నేళ్ళ అలవాటు కదా, దానంతటదే సరిగ్గా రాసేస్తోందట. చివరికి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, 'ఇదిగో, ఇక్కడికి రాగానే నా చేతి మీద ఒక్కటి వెయ్యి' అన్నారు. మధ్యాహ్నందాకా వేస్తూనే ఉన్నాను. ఎందుకండీ ఇదంతా అంటే ఫ్యాను గురించి ఏదో చెప్పారు. నీకేమైనా అర్థమైందా అమ్మా?"

మేడంకి అర్థమైంది. అరటిపళ్ళు పిన్నిగారి చేతిలో పెట్టింది.

ఇంతలో మాస్టారు వచ్చారు. చెప్పులు విప్పుతుండగానే మేడం ఎదురెళ్ళింది.

"మాస్టారూ, ఒక్కమాట. పొద్దున ఆ తప్పు కావాలనే చేశారు కదూ?"

"లేదమ్మా. మర్చిపోయాను."

అంతే. కిటికీ లేదు, మేనమామ లేడు, వానాకాలం లేదు. ఆయన నోటినుంచి మేడం విన్న మొట్టమొదటి సూటి జవాబు అది. అదీ పచ్చి అబద్ధం!

మేడం నోరు తెరిచింది. కానీ ఆవిడకంటే ముందు మాస్టారి భార్య అందుకుంది. "చూశావా అమ్మా! నేనంటే ఇష్టమేనా అని పెళ్ళయిన కొత్తలో అడిగాను. ఆ జవాబు ఇప్పటికీ పూర్తి కాలేదు. నీకు మాత్రం రెండే రెండు ముక్కల్లో చెప్పేశారు!"

"అది కాదే" అన్నారు మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుంటూ. "దానికి ముందు మనం అప్పట్లో అద్దెకున్న ఇంటి మెట్ల సంగతి చెప్పుకోవాలి. ఆ మెట్లు కట్టిన మేస్త్రీ ఉన్నాడే..."

"మొదలెట్టారూ!" అని నవ్వుతూ ఆవిడ టీ పెట్టడానికి వెళ్ళబోయింది.

"కూర్చోండి పిన్నిగారూ, టీ నేను పెడతాను" అంది మేడం. "మీరు కాస్త గట్టిగా చెప్పండి మాస్టారూ, వంటింట్లోకి వినపడాలి. ఊఁ, మేస్త్రీ ఏం చేశాడు?"