ముడి వేయని నలభై పుస్తకాలు

ప్రెస్సు వీధి పిల్లలు ఆమెను జిగురత్త అనేవారు. వేళ్ల సందుల్లో ఎండిన మైదా జిగురు ఎప్పుడూ తెల్లగా పొలుసులు కట్టి ఉండేది మరి. భర్త పోయిన నెలకి, ఆయన కూర్చుని పుస్తకాలు కుట్టిన ఎత్తుపీట మీదే వచ్చి కూర్చుంది. సూది పట్టడం ఎవరూ నేర్పలేదు. ఆయన కుట్టిన పుస్తకమొకటి విప్పి, తిరిగి కుట్టి, కుదరక మళ్లీ విప్పి, అలా నేర్చుకుంది.

చదువు కూడా అంతే. అచ్చయిన పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీల ఫారం అవుతుంది. మడవకముందు మాత్రం ఒకటో పేజీ పక్కన పదహారోది, నాలుగో పేజీ పక్కన పదమూడోది ఉంటాయి. జిగురత్త అక్షరాలు కూడబలుక్కున్నది ఆ కాగితాల మీదే. అందుకని ఆమె చదివిన కథల్లో దొంగ దొరికిపోయాక గానీ దొంగతనం జరిగేది కాదు.

పనిలో ఆమెకొక పట్టింపు ఉండేది. పుస్తకమంతా కుట్టినా ఆఖరి ముడి వెంటనే వేయదు. జానెడు దారం వేలాడదీసి, పక్కన పెట్టి, ఫారాల అడుగున ఉండే అంకెల్ని మొదటినుంచీ వేలితో సరిచూసుకుని అప్పుడు వేస్తుంది. ఈ నత్తనడక చూసి ప్రెస్సు ఓనరు, "నీ పుస్తకాలు జడలు వేసుకోని ఆడపిల్లల్లా ఉంటాయమ్మాయ్" అనేవాడు. ఆయన ఆమె భర్తకు చిన్ననాటి స్నేహితుడు. ప్రెస్సు వెనక గది ఆమెకు ఇచ్చింది ఆయనే. ఆమె అన్నయ్యగారూ అనేది.

ఆ ఏడాది ఎండలు ముదిరేవేళ ఒక పిల్లల నవల అచ్చుకొచ్చింది. రాసింది పక్క వీధిలో ఉండే రిటైరైన టీచరుగారు. కథలో ఒక పడవతాత ఉంటాడు. ఆయన చేతిలో ఒక తెడ్డు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి చావు రాదు. ఈ రహస్యం ఒక పదేళ్ల పిల్లకి మాత్రం చెప్పి, ఎవరికీ చెప్పనని మాట తీసుకుంటాడు. తరవాత ఆ పిల్ల తమ్ముడికి మందులకు లొంగని జబ్బు చేస్తుంది. తెడ్డు ఒక్కటే. తాత నిద్రలో ఉన్నాడు. పిల్ల తెడ్డు భుజానేసుకుని ఇంటికొస్తుంది. మంచంమీది తమ్ముడు, "ఇదెవరిదక్కా?" అంటాడు. వాడి ముఖం చూసి ఆ పిల్ల అబద్ధం చెప్పలేకపోతుంది. "ఇచ్చేసి రా" అంటాడు వాడు. మూడు నెలలకి పోతాడు. ఆ తరవాత పిల్ల పడవ నడపడం నేర్చుకుంటుంది. అంతే కథ.

ఆఖరి ఫారం మడుస్తూ చదివిన రోజు జిగురత్త చేతిలో మడతలు నొక్కే ఎముక బద్ద చాలాసేపు ఆగిపోయింది. భర్త మంచం పట్టినప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ తగ్గిపోతుంది, తగ్గిపోతుంది అన్నారు. తనూ అంది. ఒకరోజు ఆయన, "నువ్వూనా?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ ఒక్క ముక్కా ఆమెకు గుర్తు.

వారం తిరగకుండానే ఓనరు వెయ్యి కాగితాల కొత్త కట్ట తెచ్చి ఆమె బల్లమీద దించాడు.

"ఆఖరి ఫారంగా ఇది కుట్టు. పాతవి చిత్తుకాగితాలవాడికి ఇచ్చెయ్."

"టీచరుగారు మార్చారా?"

"నేను మార్చాను. మా మనవరాలు ఆ పాతది చదివి రెండు రోజులు అన్నం ముట్టలేదు. పిల్లల పుస్తకం పిల్లల్ని ఏడిపించడానికా?"

జిగురత్త నిలబడే చదివింది. ఓనరు రాసిన ముగింపులో తెడ్డు నిలువునా రెండు ముక్కలవుతుంది. తాతకొకటి, తమ్ముడికొకటి. ఇద్దరూ కలకాలం బతుకుతారు.

"తెడ్డు రెండు బద్దలైతే పడవ ఎలా నడుస్తుంది అన్నయ్యగారూ?"

"కథ తల్లీ ఇది, కథ."

"టీచరుగారు ఒప్పుకున్నారా?"

ఓనరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కంటి ఆపరేషన్ అయింది కదా ఆవిడకి. నెలదాకా చదవకూడదన్నారు. ఈలోగా పుస్తకాలు వెళ్లిపోతాయి. పిల్లలు బావుందంటే ఆవిడే మెత్తబడుతుంది."

"మొదటి పుస్తకం నన్నే తెమ్మన్నారు. ఆఖరి అధ్యాయం చదివి వినిపించమన్నారు. సోమవారం."

"అయితే మరీ మంచిది. పాతదే చదువు. చదివేది నువ్వు, వినేది ఆవిడ. ఎవరికి నష్టం?"

అక్కణ్నుంచి ఆమెకు నిలకడ లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఏం చెయ్యాలో తోచేది కాదు. జిగురు ఒకసారి నీళ్లయింది, ఒకసారి గడ్డ కట్టింది. చెయ్యి తిరిగిన ఈ ఇరవై ఏళ్లలో మొదటిసారి సూది వేలిలో దిగింది. పాత ఫారాలు చిత్తుకాగితాలవాడికి ఇవ్వకుండా తన గదిలో మంచం కింద తోసింది. తోసిందన్నమాటే గానీ, ఆ మంచం మీద నడుము వాలిస్తే కింద ఎవరో మేలుకుని ఉన్నట్టుండేది.

పాతదే కుట్టేద్దామా అని కూడా అనుకుంది. మూసిన పుస్తకం ఎవరు తెరిచి చూస్తారు? ఓనరు రంగు అట్టలు లెక్కపెట్టుకునే మనిషి. కానీ నీడనిచ్చిన మనిషి వెనకాల గొయ్యి తవ్వడం ఆమెకు చేతకాలేదు. కొత్త ఫారమే వేసి శనివారానికి నలభై పుస్తకాలు కుట్టింది. అంకెలు చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ముడి మాత్రం వేయలేకపోయింది. దారాలు వేలాడుతూ నలభై పుస్తకాలూ బల్లమీద అలాగే ఉండిపోయాయి.

సోమవారం ఒక పుస్తకం, ఒక పాత ఫారం సంచిలో వేసుకుని టీచరుగారింటికి వెళ్లింది. ఆవిడ నల్ల కళ్లద్దాలతో వాలుకుర్చీలో కూర్చుని ఉంది.

"రావమ్మా. కొత్త కాగితం వాసనొస్తోంది. చదువు."

జిగురత్త పాత ఫారం తీసి చదివింది. తమ్ముడు ఇచ్చేసి రమ్మన్న చోట ఆగింది. మంచినీళ్లు తాగి మిగతాది పూర్తి చేసింది.

"బాగా చదివావు" అంది టీచరుగారు. "పుస్తకం ఇటివ్వు, ఒకసారి ఒళ్లో పెట్టుకుంటాను."

ఇవ్వాల్సిన చెయ్యి ముందుకు రాలేదు.

"టీచరుగారూ, నేను చదివింది ఈ పుస్తకంలో లేదండి."

ఆ తరవాత ఉన్నదున్నట్టు చెప్పింది. మనవరాలు అన్నం మానెయ్యడం కూడా చెప్పింది. టీచరుగారు కుర్చీ చేతిని గోటితో గీకింది.

"ఆయన రాసింది చదువు."

చదివింది.

"రెండు ముక్కలైతే పడవెలా నడుస్తుందయ్యా పెద్దమనిషీ" అంది టీచరుగారు, ఓనరు ఎదురుగా ఉన్నట్టే. ఆ తరవాత, "ఆ పిల్లని నా దగ్గరికి పంపమను. నా వల్ల ఏడ్చింది, నేనే మాట్లాడతాను. పుస్తకం మాత్రం నాది నాకు కావాలి. నీ సంగతేంటి మరి? ఊరుకుంటాడా?"

"తెలీదండి" అంది జిగురత్త.

తిరిగి ప్రెస్సుకొచ్చింది. తిన్నగా ఓనరు గదిలోకి వెళ్లి, తన గది తాళంచెవి ఆయన బల్లమీద పెట్టి, జరిగింది చెప్పింది. ఆయన ముఖం కందిపోయింది.

"ఎవరి ఉప్పు తింటున్నావమ్మాయ్?"

"మీదే. అందుకే మీకు తెలీకుండా పాతది కుట్టలేదు. ఆవిణ్ని నమ్మించడానికీ నోరు రాలేదు. పాత ఫారాలు నా మంచం కిందున్నాయి. అదొక్కటే మీ మాట వినలేదు."

ఆయన విసురుగా లేచి కుట్టు గదిలోకి వెళ్లాడు. ఆమె గుమ్మంలో నిలబడింది. ఒక పుస్తకం ఎత్తి వేలాడే దారం చూశాడు.

"వీటికి ముడి ఎందుకు వెయ్యలేదు?"

"చెయ్యి రాలేదన్నయ్యగారూ."

ఆయన ఆ దారం వేలికి చుట్టుకున్నాడు. "మీ ఆయన, వాడు పోయినప్పుడు కూడా నువ్విలాగే..." అని ఏదో మొదలుపెట్టి మానేశాడు. దారం పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఫారం మడత దగ్గర పర్రుమని చిరిగింది. జిగురత్త గబగబా వచ్చి ఆయన చేతిలోంచి పుస్తకం లాక్కుంది.

"అలా కాదు. విప్పాలంటే కుట్టు కుట్టూ వెనక్కి రావాలి. ఇలా."

ఆయన చూస్తూ ఉండి వెళ్లిపోయాడు. తాళంచెవి మాత్రం సాయంత్రానికి ఆమె సూదుల డబ్బాలో ఉంది.

పది రోజులు ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా చీటీ రాసి బల్లమీద పెట్టేవాడు. మొదటి చీటీలో, పాతదే కుట్టు, అని ఉంది. ఆమె రోజుకి యాభై చొప్పున పాత ఫారంతో కుట్టుకుంటూ పోయింది. ఓనరు రాసిన ఫారాల్ని పారెయ్యబుద్ధి కాలేదు. మంచి మందం కాగితం. రెండు వేళ్ల వెడల్పు పట్టీలు కోసి, అట్ట వెయ్యబోయే ముందు ప్రతి పుస్తకం వెన్నుకీ ఒకటి జిగురుపెట్టి అతికించింది.

పదకొండో రోజు ఆయన వచ్చి ఎత్తుపీట పక్కన నిలబడ్డాడు.

"మా మనవరాలు రోజూ ఆవిడింటికే పోతోంది. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో చెప్పదు." ఒక పుస్తకం తిరగేసి చూశాడు. "నేను రాసింది ఏం చేశావ్?"

"వెన్నుకి వేశాను."

ఆయన పుస్తకం బాగా తెరిచి, మూసి, మళ్లీ తెరిచి వెన్ను నొక్కి చూశాడు.

"పట్టిందా?"

"గట్టిగానే పట్టింది అన్నయ్యగారూ" అంటూ ఆమె తరవాతి పుస్తకం అందుకుని అంకెలు చూడసాగింది.