తలెత్తి పేరు చెప్పండి మేడమ్!

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మాది కాకినాడ, ఉద్యోగం హైటెక్ సిటీలో. ఇంటర్ తప్పి చదువు మానేసిన అమ్మాయిలకు ఆదివారాలు నానక్‌రామ్‌గూడలో ఇంటర్వ్యూకి తర్ఫీదు ఇచ్చేదాన్ని. వాళ్లలో స్వప్న అనే అమ్మాయి, రెండు ఇంటర్వ్యూలు పోయాక అసలు నోరే విప్పేది కాదు. "తలెత్తి, కళ్లలోకి చూసి పేరు చెప్పు" అని ప్రతి వారం పోరేదాన్ని.

ఒక ఆదివారం క్లాసుకి వెళ్తుంటే దారిలో వంటావార్పు. ఉద్యమకారులు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుతున్నారు. నేనెక్కిన షేర్ ఆటో ఆపేశారు.

"ఏడికి పోతున్నవక్కా?" అన్నాడొకాయన.

నోరు తెరిస్తే నా యాస బయటపడుతుందని భయమేసి తల దించుకున్నాను.

ఇంతలో గరిటెతో పరుగెత్తుకొచ్చింది స్వప్న. "అన్నా, మా మేడమ్! ఆంధ్రామెనే, అయితే ఏంది? మాకోసమే వస్తున్నది. జర తొవ్వ ఇడువుండ్రి" అంది, ఆయన కళ్లలోకి సూటిగా చూస్తూ.

ఆయన నవ్వేశాడు. "అయితే తినే పోవాలె!"

చేతిలో విస్తరి పెడుతూ స్వప్న గుసగుసగా అంది: "గట్ల తల దించుకుంటె ఎట్ల మేడమ్? తలెత్తి పేరు చెప్పుండ్రి."

"నా పేరు పద్మావతండీ" అన్నాను. అందరూ పకపకా నవ్వి ఇంకో గరిటెడు పప్పు వేశారు.

తర్వాతి ఇంటర్వ్యూలోనే స్వప్నకి ఉద్యోగం వచ్చింది. నేర్పింది నేనేనని చెప్పుకోవడానికి మాత్రం ఇప్పటికీ నాకు మొహం చెల్లదు.