గుమ్మం లేని ఛాయాచిత్రం

మైత్రీవనం వెనుక సందులో మా అపార్ట్‌మెంటు. ఆ రోజుల్లో వీపున సంచితో ఆ సందులో నడిచే పిల్లలను ఎవరూ తేరిపార చూసేవారు కాదు. కంప్యూటరు కోర్సులకని జిల్లాల నుండి దిగేవారు. మూడు నెలలకు మాయమయ్యేవారు. వారి స్థానంలో మరొకరు అవే మెట్లు ఎక్కుతూ కనిపించేవారు. ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. నా అబద్ధం అంత సులువుగా నిలబడడానికి ఆ వీధి తోడ్పడింది.

ఆషాఢమాసంలో ఒక శనివారం ఉదయం తలుపు చప్పుడైతే తీశాను. తన ఎత్తులో సగమున్న సంచితో, దుమ్ముకొట్టుకుపోయిన చెప్పులతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలోని చిన్న పుస్తకంలో ఉన్న చిరునామానూ, తలుపు మీది నా పేరునూ పోల్చి చూసుకొని, "తాతయ్యా, నేను పెనాంగు నుంచి వచ్చానండీ. మీ అక్కయ్య మనవరాలిని," అన్నది.

నాకొక అక్క ఉన్నదని ఈ నగరంలో నా భార్యకు తప్ప మరెవరికీ తెలియదు.

పందొమ్మిదేళ్ళకే భర్తను పోగొట్టుకొని పుట్టింటికి చేరిన మా అక్క, మరో మూడేళ్ళకు మా కులం కాని ఒక బడిపంతులును పెళ్ళాడి, ఓడెక్కి మలయాలోని పెనాంగుకు వెళ్ళిపోయింది. ఆ వార్త విన్న మా నాన్నగారు మరణవార్త విన్నవారివలె నూతి దగ్గర తలమీద నీళ్ళు పోసుకున్నారు. నన్నూ పోసుకోమన్నారు. పదహారేళ్ళవాణ్ణి, పోసుకున్నాను. ఆ తరువాత ఎవరడిగినా నేనొక్కణ్ణే సంతానమని చెప్పడం అలవాటైంది. నాన్నగారి భయంతో మొదలైన మాట ఆయన గతించాక కూడా నా నోట నిలిచిపోయింది. కళాశాలలో తెలుగు బోధించిన ముప్పై యేళ్ళూ అదే చెప్పాను.

నాకు పద్యం అబ్బినదే అక్కవల్ల. నాన్నగారు అరుగుమీద నాకు పాఠం చెబుతూంటే ఆమె తలుపు వెనుక బియ్యం చెరుగుతూ వినేది. నేను తడబడిన చోట తరువాతి మాటను చేట చప్పుడు చాటున అందించేది. నాన్నగారికి వినబడలేదో, వినబడీ ఊరుకున్నారో తెలియదు.

ఆ అమ్మాయి ఇంకా గుమ్మం బయటనే ఉండగా వాచ్‌మన్ భార్య వెనుకనే మెట్లెక్కి వచ్చింది. "సారూ, గీ పొల్ల ఎవరు? మీ పేరు అడుక్కుంట తిరుగుతుంటే నేనే తోలిచ్చిన."

"కోచింగుకు వచ్చింది. రెండు రోజులు మా ఇంట్లో ఉంటుంది," అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. ఏళ్ళ తరబడి నోటిలో నానుతున్న అబద్ధానికి ఆలోచనతో పనిలేదు.

"కోచింగ్ పొల్లనా? ముక్కు అచ్చం నీదే ఉన్నది గద సారూ!" అని నవ్వుకుంటూ దిగిపోయింది.

అమ్మాయి నావంక ఒకసారి చూసి, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది.

చదువు ముగిసి ఉద్యోగంలో చేరేలోపు ఎనిమిది నెలలు దేశాలు తిరగాలని బయలుదేరిందట. శ్రీలంకలో వాళ్ళ తాతగారి మిత్రుల ఇంట, నేపాలులో తనతో చదివిన పిల్ల ఇంట, కాకినాడలో మా అక్క చిన్ననాటి నేస్తం ఇంట ఉండి, ఆమె దగ్గరే నా చిరునామా తీసుకొని వచ్చింది. ప్రతి ఇంటి గుమ్మంలోనూ ఆ ఇంటివారితో కలిసి ఒక ఫోటో దిగింది. కెమెరాలో అవన్నీ మాకు చూపించి, "అమ్మమ్మకు ఇవేవీ అక్కర్లేదటండీ. మా తమ్ముడి గుమ్మంలో వాడితో దిగినది ఒక్కటి తెస్తే చాలంది. నేను మళ్ళీ ఎక్కలేకపోయిన గుమ్మం, నువ్వైనా ఎక్కు అంది," అన్నది.

మా గుమ్మం ముందు నాలుగిళ్ళవాళ్ళు వచ్చిపోయే నడవా ఉంది. "రేపు దిగుదామమ్మా, ఇప్పుడు మబ్బుగా ఉంది," అన్నాను.

వంటింట్లో నా భార్య గొంతు తగ్గించి అడిగింది. "వాచ్‌మన్ పెళ్ళానికి కూడా భయపడాలా అండీ?"

"రేపు అందరూ వస్తారుగా. సమయం చూసి చెబుతాను."

"యాభై యేళ్ళుగా చూస్తూనే ఉన్నారు సమయం," అని ఆమె పోపు వేయడంలో పడింది.

ఆదివారం సాయంత్రాలు మా ఇంట నలుగురైదుగురు మిత్రులు చేరి పద్యాలు చదువుకునే ఆనవాయితీ ఉండేది. ఆనాడు బల్కంపేట వైపు నుండి బోనాల డప్పులు వినిపిస్తున్నాయి. నాతో ముప్పై యేళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసిన మిత్రుడొకాయన నా ఎదుట కూర్చున్నాడు. అమ్మాయి కాఫీ గ్లాసుల పళ్ళెంతో వంటింటి తలుపు దగ్గరకు వచ్చి, నేను పద్యం ఎత్తుకోవడంతో అక్కడే ఆగింది. మూడవ పాదం సగంలో నాకు జ్ఞాపకం జారిపోయింది. వయస్సు అటువంటిది. కళ్ళు మూసుకొని వెదుక్కుంటూండగా తలుపు దగ్గర నుండి ఆ మాట వినవచ్చింది. పైకి కాదు, నాకు అందేటంత మెల్లగా. చివరి అక్షరం కొంచెం సాగదీసి. అరుగు మీద కూర్చున్న పదేళ్ళవాడికి అందినట్లే అందింది. ఎలాగో పద్యం ముగించాను.

మిత్రుడు పకపక నవ్వాడు. "ఏమయ్యా, కోచింగు అమ్మాయి అన్నావు! కంప్యూటర్లో ఇప్పుడు మన పద్యాలు కూడా నేర్పుతున్నారా ఏంటి?"

అమ్మాయి పళ్ళెం పట్టుకొని నావంకే చూస్తోంది. నా భార్య కూడా ఆమె వెనుకకు వచ్చి నిలబడింది. ఒక్క మాట చాలును. మా అక్క మనవరాలు అంటే సరిపోయేది.

"నిన్నటినుంచి నేను చదువుకుంటూంటే వింటోంది. పట్టేసి ఉంటుంది," అన్నాను.

"ఒక్కరోజులోనా! అయితే నీ శిష్యుల్లో ఇంతటివాడు ఒక్కడూ లేడన్నమాట. మీ ఇంట్లో పండితులెవరైనా ఉన్నారా అమ్మా?"

"మా అమ్మమ్మకు వచ్చండీ."

"ఆవిడ ఎవరి దగ్గర చదువుకున్నారో?"

"ఎవరూ చెప్పలేదండీ. తలుపు వెనకనుంచి విని నేర్చుకుందట."

"భలే, భలే," అన్నాడాయన. నేను కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

మరునాడు ఆమె ఫోటో మాట ఎత్తలేదు. మధ్యాహ్నం పంజగుట్టలో బెంగుళూరు బస్సు ఎక్కవలసి ఉంది. నా భార్య బొట్టుపెట్టి, రవికెల గుడ్డ, పులిహోర పొట్లం చేతికిచ్చింది. అమ్మాయి నా కాళ్ళకు కూడా నమస్కరించింది. నేను బాల్కనీలో నిలబడి క్రిందికి చూశాను. వాచ్‌మన్ భార్య సంచిని ఆటోలోకి ఎత్తుతోంది.

"అప్పుడే పోతున్నవా బిడ్డా? కోర్సు అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"ఫికర్ జేయకు, మళ్ళ రా. నీ తాత ఇల్లే గద."

గొంతు తగ్గించి అన్న మాట కాదు. నాకే కాదు, ఆ నాలుగంతస్తులకూ వినబడి ఉంటుంది. ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. నా భార్య చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది.

పంజగుట్టలో ఆ సంచిని గుర్తుపట్టి దగ్గరకు వెళ్ళేసరికి బస్సు వచ్చి ఆగి ఉంది. "ఫోటో దిగుదామమ్మా," అన్నాను రొప్పుతూ. ఆమె కొంతసేపు నావంక చూసి, పక్కన టీ త్రాగుతున్న ఎవరికో కెమెరా అందించింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి నిటారుగా నిలబడ్డాను. ఆ కాలిబాట మీద నన్నెరిగినవారు లేరు కనుక నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యాన్ని తలచుకుంటే ఈనాటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

"అక్కయ్యతో చెప్పమ్మా..." అని మొదలుపెట్టి, మాట దొరకక ఆగిపోయాను. ఈసారి ఆమె అందించలేదు.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. వణికిన పెద్ద అక్షరాలు.

"తమ్ముడికి ఆశీస్సులు. ఫోటో చేరింది. ముసలివాడివైపోయావు. నీ వెనుక బస్సు కనబడుతోంది. గుమ్మం కనబడలేదు."

జవాబు వ్రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. సంబోధన వ్రాసేవాణ్ణి, కలం మూసేవాణ్ణి. చలికాలం వచ్చింది. ఒక ఆదివారం పెనాంగు నుండి మనవరాలు ఫోను చేసింది. విని, స్నానాలగదిలోకి వెళ్ళి బకెట్టెడు చన్నీళ్ళు తలమీద పోసుకున్నాను. అక్క పేరిట నేను చేసిన రెండవ స్నానం అది.

తడిబట్టలతో ఉండగానే తలుపు చప్పుడైంది. మిత్రుడు పద్యాలకని కొంచెం ముందుగా వచ్చాడు. నన్ను చూసి కంగారుపడి, "ఎవరు పోయారయ్యా?" అన్నాడు.

"మా అక్క," అన్నాను.

"నీకు అక్కా?"

పక్కకు జరిగి ఆయనను లోపలికి రమ్మనవలసింది. నీళ్ళు కారుతూ గుమ్మంలోనే నిలబడిపోయాను.