నవనీత తెచ్చుకున్న పసిపిల్లల క్రీము

నవనీత వనపర్తి డిపోలో కండక్టరు. చీకటితోనే లేచి డ్యూటీ ఎక్కితే, గద్వాలకు ట్రిప్పులు తిప్పి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైనప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే సందుండదు. అయినా అందరికీ జీరో టికెట్ కొట్టాల్సిందే. "ఆధార్ చూపియ్యమ్మా" అని రోజుకు ఎన్నిసార్లు అంటుందో ఆమెకే తెలియదు.

ముప్పై ఎనిమిదేళ్లకే ముఖం కమిలిపోయింది. ఎండగాలి కొంత కారణం. ఎవరో చెప్పగా కొన్న తెల్లబడే క్రీము అసలు కారణం. మొదటి నెల ముఖం మెరిసింది. ఆ తర్వాత రాస్తే ఎరుపు, మానేస్తే మంట. చివరికి చెమట తగిలినా చురుక్కుమనేది. ఓ సెలవు రోజున దవాఖానకు పోయింది.

"ఆ క్రీము పారెయ్. పసిపిల్లలకు రాసే సాదా క్రీము ఉంటది చూడు, వాసన లేనిది, అది రాసుకో. తక్కువ ధరకే దొరుకుతది. తగ్గేతందుకు నెలలు పడ్తది మరి" అంది డాక్టరమ్మ.

"పాపకు ఎన్ని నెలలక్కా?" ట్యూబు ఇస్తూ అడిగాడు మందుల షాపతను.

పెళ్లయి పదమూడేళ్లు. హైదరాబాదు ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి, ఇక చాలని మానుకుని నాలుగేళ్లు. ఇదంతా చెప్పే ఓపిక ఎక్కడిది?

"ఆర్నెల్లు" అనేసింది. అబద్ధమాడినందుకు సిగ్గు కూడా కలగలేదు.

రెండు రోజుల తర్వాత ఆమె కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేసరికి అత్త లలితమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. టిఫిన్ డబ్బా కోసం కోడలి బ్యాగు తెరిచినట్టుంది. పాపాయి బొమ్మ ఉన్న ట్యూబును రెండు చేతులా పట్టుకుంది. ఇన్నేళ్లలో పిల్లల గురించి కోడలిని ఒక్క మాట అనని మనిషి.

"నాకెందుకు చెప్పలే బిడ్డా?" లలితమ్మ కళ్లు కోడలి పొట్ట వైపు పోయాయి. "ఎన్నో నెల? బస్సు కుదుపులల్ల ఎట్ల తిరుగుతున్నవే? రేపటికెల్లి సెలవు పెట్టు."

నవనీత గోడకు ఆనుకుని కూలబడింది. కనీసం అత్త అన్నం తినేదాకానైనా ఊరుకుందామనిపించింది. కానీ ఆ ముఖంలో సంతోషం చూస్తూ కూర్చోవడం ఇంకా కష్టం.

"అది నాకే అత్తమ్మా. మొకానికి. పిల్లలదైతే మండదని డాక్టరమ్మ చెప్పింది."

లలితమ్మ ట్యూబు మీది పాపాయిని ఒకసారి చూసి, దాన్ని తిరిగి బ్యాగులో పెట్టేసింది.

"మొకం గట్ల మండుతుంటె ఒక్క మాటన్న చెప్పకపోతివి" అని లేచి, అన్నం వేడి చేయడానికి పోయింది. రెండు మూడు రోజులు ఇంట్లో ఆమె మాట వినిపించలేదు. ఓదార్చాలని నవనీతకు ఉండేది. డ్యూటీ దిగేసరికి ఆ శక్తి మిగిలేది కాదు.

నాలుగో నెలకు ఎరుపు తగ్గింది. తెలుపేమీ రాలేదు. పుట్టినప్పటి చామనచాయే, చెంపల మీద కొన్ని మచ్చలతో తిరిగొచ్చింది. చెమట పట్టినా ఇప్పుడు మంట లేదు. అది చాలనుకుంది.

ఒక సాయంత్రం లలితమ్మ కాళ్లు చాపి, "నవనీతా, నా మడమలు చూడు, ఎట్ల పగిలినయో. గదేదో నాక్కూడ జర రాయరాదు?" అంది.

నవనీత యూనిఫామైనా మార్చుకోకుండా పక్కనే కూర్చుని, క్రీము వేలికి తీసుకుని, ఆ పగుళ్లలోకి మెల్లగా రుద్దసాగింది. రెండో కాలు పూర్తికాకముందే ఆమె తల అత్త మోకాలి మీదికి వాలిపోయింది. లలితమ్మ కాలు కదపలేదు.