వెండెలిన్ వేసిన బాట

మంచు పడిన మర్నాడు మా లోయలో కోడి కంటే ముందు లేచేవాడు వెండెలిన్. లేచి, ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున బొచ్చు పట్టీలు అంటించుకుని, కనుమ మీద ట్రౌడల్ అనే ఆవిడ నడిపే సత్రానికి బయలుదేరేవాడు. అక్కడ ఒక కాఫీ తాగి దిగి వచ్చేవాడు. ఈ పని అతనికి ఎవరూ చెప్పలేదు. వృత్తికి వడ్రంగి. తలుపులు, బీరువాలు, అవసరమైనప్పుడు శవపేటికలు చేస్తాడు.

అతను వెళ్ళాక మెత్తటి మంచులో బాట మిగిలేది. తెల్లవారాక కొండెక్కేవాళ్ళందరూ, ఊరివాళ్ళయినా పట్నం నుంచి వచ్చినవాళ్ళయినా, ఆ బాటలోనే స్కీలు పెట్టేవాళ్ళు. అది వెండెలిన్ బాట అంటే చాలు, ఇక ఎవరూ తల ఎత్తి కొండ వంక చూసేవాళ్ళు కాదు.

బాట మాత్రం చూడముచ్చటగా ఉండేది కాదు. అడవి చుట్టూ తిరిగి, ఎముకల గట్టు అనే రాళ్ళ గట్టు మీదుగా, స్కీలు భుజాన మోసుకుంటూ పోవాలి. గట్టు మొదట్లోనే ఎడమకు తిరిగి బోడి వాలుకు అడ్డంగా దాటేస్తే సగం దారి కలిసొస్తుంది. వెండెలిన్ అటు తిరిగేవాడు కాదు.

"ఒరేయ్, ఈ బాట నువ్వేశావా, తాగిన ఆవు వేసిందా?" అని స్కీవాళ్ళను తాళ్ళ మీద కొండపైకి చేర్చే లిఫ్టు నడిపే కసియన్ అందరి ముందూ అడిగేవాడు.

"ఆవే వేసింది. ఇంకా బతికే ఉంది," అనేవాడు వెండెలిన్.

బోడి వాలు కింద ఒక కొయ్య శిలువ ఉంది. మంచు చరియ విరిగిపడి పోయినవాళ్ళ పేర్లు దానికి కొట్టిన చెక్క పలక మీద ఉన్నాయి. వెండెలిన్ ఎప్పుడూ ఆగి వాటిని చదవడు. వాటిని చెక్కింది అతనే. చివరి పేరు కింద ఒక జాన చెక్క ఖాళీగా వదిలిపెట్టాడు. మా తాతల కాలం నుంచీ అలా వదలడం ఆనవాయితీ. ముందుచూపు మంచిదే కదా అని ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

ఉపవాసాల ముందు వచ్చే కార్నివాల్ గురువారం నాడు ట్రౌడల్ సత్రంలో పేకాట ఉంటుంది. ఇద్దరిద్దరు జట్టు. ట్రౌడల్ గంట కొట్టేసరికి కుర్చీలో లేనివాడి జట్టును ఇంకొకడు తన్నుకుపోవచ్చు. వెండెలిన్ జట్టు ఎప్పుడూ ట్రౌడలే. అతను భార్య పోయినవాడు, ఆవిడేమో భర్త పోయిన మనిషి. ఏళ్ళ తరబడి ఎదురెదురుగా కూర్చుని పేకల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. ఊరంతా వాళ్ళ తరఫున మాట్లాడేది. కసియన్‌కు మాత్రం ఆ కుర్చీ మీద కన్ను. ఆ ఏడు వాడు ముందురోజే పైకెక్కి సత్రంలో పడుకున్నాడు.

ఆ ఉదయం వెండెలిన్ ఒక ముసలమ్మకు బీరువా అప్పజెప్పాల్సి వచ్చింది. తలుపు కిర్రుమంటోందని ఆవిడ బందు మళ్ళీ బిగించమంది. బిగించాడు. ఇప్పుడు అసలు చప్పుడే లేదు, ఎవరైనా తీస్తే తెలియదంది. మళ్ళీ వదులు చేశాడు. అడవి దాటి గట్టు మొదటికి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. గట్టు మీదుగా పోతే గంట ఎలాగూ అందదు.

రాత్రంతా పడమటి గాలి మంచును గట్టు మీద నుంచి ఊడ్చి బోడి వాలులో పోసింది. అడుగున జనవరి చలికి పంచదారలా పొడిబారిన పాత మంచు, దాని మీద ఈ కొత్త బరువు. ఆ రెంటికీ పొత్తు కుదరదు; ఎవరైనా అడుగు పెడితే పైది జారిపోతుంది. ఇదంతా ఊరందరికీ నేర్పినవాడు వెండెలినే. నేను ఒక్కణ్ణే, తేలికైనవాణ్ణి, క్షణంలో దాటేస్తాను అనుకున్నాడు. మంచు విరిగితే చేతులు చిక్కుకోకుండా స్కీ కర్రల పట్టీలు వదులు చేసుకుని, ఎడమకు తిరిగాడు.

వాలు నడుమన కాళ్ళ కింద మంచు ఒక్కసారి మూలిగింది, నిద్రలో కుక్క ఒత్తిగిలినట్టు. అంతే. అవతలికి చేరాడు. చెమటకు చొక్కా తడిసి ముద్దయింది. గట్టు తలకు ఎక్కి, బతుకుజీవుడా అనుకుని వెనక్కి చూశాడు.

బాట వాలుకు అడ్డంగా, బద్దతో గీసినంత తిన్నగా కనిపించింది. జీవితంలో అంత అందమైన బాట అతను వేయలేదు. అప్పుడే అడవిలోంచి ముగ్గురు బయటికి వచ్చారు. ముందున్న ఎర్ర టోపీ అతని కూతురు బుర్గీ. వెనక ఆమె స్నేహితురాళ్ళు, సత్రానికి జామ్ కుక్కిన క్రాప్ఫెన్ బూరెలు వీపున మోసుకొస్తున్నారు.

ముగ్గురూ గట్టు మొదట్లో ఆగారు. బాట ఎటు తిరిగిందో చూశారు. ఏమనుకుంటున్నారో అంత దూరం నుంచీ అతనికి తెలిసిపోయింది. మా నాన్నంతటి పిరికివాడే ఇటు దాటాడంటే ఇవాళ వాలు గట్టిగా ఉన్నట్టే, అని. ఇన్నేళ్ళూ కూడబెట్టుకున్న జాగ్రత్త పేరు ఇప్పుడు తన పిల్లను అటు నడిపిస్తోంది. తాను దాటేటప్పుడు అన్నీ లెక్కవేసుకున్నాడు, వెనక బాట మిగులుతుందన్న సంగతి తప్ప. ఊరందరికీ బాట వేసేవాడు ఆ ఒక్కటీ మరిచాడు.

ఫోన్ చేశాడు. స్విచ్ ఆఫ్. మంచులో కూరుకుపోతే జాడ తెలిపే మెడలోని బీకన్ పరికరానికి ఫోను అడ్డొస్తుంది, కొండెక్కితే ఆపెయ్యండి అని చెప్పింది తనే. పిల్లలు బుద్ధిగా విన్నారు. కేక వేశాడు, గాలి ఎత్తుకుపోయింది. ఒక చెయ్యి ఊపాడు. వాళ్ళూ ఊపారు. రెండు చేతులూ ఎత్తబోయి ఆగాడు. కొండల్లో రెండు చేతులెత్తితే ఆపదలో ఉన్నానని అర్థం. బుర్గీ అడ్డదారినే పరిగెత్తుకొస్తుంది. చప్పున చేతులు జేబుల్లో దాచుకున్నాడు.

ఇక స్కీల ముక్కులు ఎముకల గట్టు వైపు తిప్పి దూకాడు. ఆ గట్టు మీద స్కీలతో దిగినవాడు మా ఊళ్ళో లేడు, దిగాలనుకున్నవాడూ లేడు. మొదటి రాయికే పడ్డాడు.

బుర్గీ ఒక స్కీ అప్పటికే వాలు మీద పెట్టింది.

"ఆగవే, మీ నాన్న పడ్డాడు!" అంది వెనకనున్న పిల్ల.

వెండెలిన్ పడటం ఎవరూ చూడలేదు. ముగ్గురూ ఆగి చూశారు. లేచాడు, మళ్ళీ పడ్డాడు. ఒక పిల్ల ఫోను ఆన్ చేసింది, వీడియో తీయడానికి. మూడోసారి అతను బోర్లా జారి రాళ్ళ మధ్య కనిపించకుండా పోయేసరికి బుర్గీ నవ్వు ఆగిపోయింది. వాలు మీది స్కీ వెనక్కి లాక్కుని, గట్టు వెంబడి తండ్రికి ఎదురెక్కింది.

దగ్గరికి వచ్చేసరికి ముక్కు నుంచి రక్తం, మోకాళ్ళ దగ్గర ప్యాంటు చిరుగులు.

"నాన్నా! ఏమైంది నీకు? పిచ్చి పట్టిందా?"

"అటు వెళ్ళకు."

"నీ బాట అటేగా ఉంది?"

"ఉంది. వేసినవాడు వెధవ."

"దాటావుగా మరి! ఏం కాలేదుగా!"

"పేక కోసం దాటానే. మీ నాన్న పేకముక్కల కోసం దాటాడు."

అతను మంచులో కూలబడి పెద్దగా ఏడ్చాడు. భార్య పేటిక మూతకు మేకులు కొట్టిన రోజు కూడా ఏడవనివాడు, ఇప్పుడు కూతురి చెయ్యి పట్టుకుని వదల్లేదు. స్నేహితురాలు ఫోను ఆపేసింది.

పిల్లల్ని గట్టు మీదుగా పంపించి, తను వాలు మొదట్లో స్కీలు రెండూ అడ్డంగా గుచ్చి అక్కడే నిలబడ్డాడు. బాటను చెరపాలంటే దాని మీదికి వెళ్ళాలి, అది కుదరదు. కొత్త మంచు పడేదాకా కాపలా కాయడమే. వచ్చినవాళ్ళందరూ ఒకటే అడిగారు.

"ఇది వెండెలిన్ బాటేగా?"

"కాదు. ఎవడో తెలివితక్కువవాడిది," అని వెండెలిన్ జవాబు.

సత్రంలో గంట కొట్టారు. కసియన్ ఆ కుర్చీలో కూర్చుని గెలిచాడు.

మర్నాడు కూడా మంచు పడలేదు. వెండెలిన్ మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. మధ్యాహ్నం ట్రౌడల్ గట్టు మీదుగా ఫ్లాస్కు పట్టుకుని దిగింది.

"కాఫీకి రాలేదేంటయ్యా రెండ్రోజుల్నుంచీ?"

"పనుంది."

"కసియన్ పేక దొంగాట ఆడతాడు."

"గెలిచారటగా."

"గెలిస్తే? వాడు ప్రతి ముక్కకీ నవ్వుతాడు. తల వాచిపోయింది నాకు." పక్కనే మంచు చదును చేసుకుని కూర్చుంది. పేకల గురించి కాకుండా ఇంకేదో మాట్లాడుకున్నారని ఊళ్ళో ఒక వాదన ఉంది. సాయంత్రానికి మంచు మొదలైంది. బాట పూర్తిగా కనిపించకుండా పోయేదాకా ఇద్దరూ కదల్లేదు.

బోడి వాలు మీది మంచు ఆ ఏడు విరగలేదు. మే నెల దాకా అలాగే ఉండి, నీళ్ళై కారిపోయింది. తర్వాత ఆ వాలు మీద ఆవులు మేశాయి.

"చూశావా? ఏమీ కాలేదు. అనవసరంగా మంచి స్కీలు పాడుచేసుకున్నావు," అని కసియన్ వేసవంతా అంటూనే ఉన్నాడు. పిల్లలు దాటి ఉంటే ఏమయ్యేదో వెండెలిన్‌కూ తెలియదు.

జూన్‌లో ఒక రోజు రంపం పట్టుకుని శిలువ దగ్గరికి వెళ్ళాడు. చివరి పేరు కింద వదిలిన జాన చెక్కను కోసి సంచిలో వేసుకున్నాడు. లిఫ్టు తాళ్ళు చూసుకుంటున్న కసియన్ అది గమనించి కిందికి వచ్చాడు.

"అదేంట్రా, ఇకముందు ఎవరైనా పోతే పేరెక్కడ చెక్కుతావు?"

"చోటు లేదని చెప్తాను," అన్నాడు వెండెలిన్.