ఓవెన్‌లో కొమ్మ

ఆస్ట్రేలియాలోని ఇప్స్‌విచ్‌లో రోజూ పొద్దున్నే క్లిఫర్డ్ ఏటి గట్టున నేల చూపులతో నడుస్తాడు. రాలిన కొమ్మ కనిపిస్తే ఎత్తుతాడు, గోటితో బెరడు గీకుతాడు, జిగురుందేమోనని వాసన చూస్తాడు. నచ్చకపోతే విసిరెయ్యడు, మెల్లగా కింద పెడతాడు. చనిపోయిన భార్య మేవిస్ పెంచిన కొండచిలువ పెట్టెలో, అది చుట్టుకుని పడుకునే పాత కొమ్మ పుచ్చిపోయింది. దానికి ఏ చెట్టు కొమ్మ మంచిదో ఆమెకు తెలుసు. ఆమె ఉన్నన్నాళ్ళూ అతను ఒక్కసారీ అడగలేదు. నిన్న విసుగొచ్చి, పెరట్లో ఆమె నాటిన గన్నేరు కొమ్మే నరికాడు. కంచె అవతలి నుంచి పక్కింటి డోరీన్ కేకేసింది.

"ఏమయ్యా క్లిఫ్, అది విషం! పామునీ మేవిస్ దగ్గరికే పంపుతావా ఏంటి?"

అతని చేతిలోంచి కొమ్మ జారిపోయింది. "ఆమె చెట్టే కదా అనుకున్నా."

"నీలగిరి కొమ్మ తెచ్చి ఓవెన్‌లో పెట్టు, పురుగులు చస్తాయి. ఆవిడ అట్లాగే చేసేది."

"తెలుసు. ఇల్లంతా కంపని తిట్టేవాణ్ణి."

ఈ రోజు కొమ్మ దొరికింది. ఓవెన్ వేడికి నీలగిరి ఘాటు వంటింట్లో నిండగానే క్లిఫర్డ్ అలవాటుగా గొణుక్కుంటూ వెళ్ళి కిటికీ తెరిచాడు. ఆ వాసన బయటికి పోసాగింది. తర్వాత కిటికీ మూసి, గొళ్ళెం పెట్టాడు.